పన్నెండో సీసా

కూసోను మనీష్ సేట్. చాయ్ వద్దు. మీ మెకానిక్ ఇస్సాకును పనిలకెల్లి ఎందుకు తీసేసిన్రు? ముందు గది చెప్పుర్రి.

మళ్ల గా ఆయిల్ పరీక్ష కాయితమేనా? నా బిడ్డ స్వీటీకి గూడ గిదే చూపిచ్చిన్రు. ఈ బండి ఆయిల్‌ల బూడిద నూటికి సున్నా పాయింట్ ఎనిమిది దాటొద్దు, మా బండిల తీసినదాంట్ల ఒకటిన్నర ఉన్నది. అంటే ఇస్సాకు అసలు డబ్బా అమ్ముకొని నాసిది పోసిండు. అంతేనా? పోసేటప్పుడు మీరు చూసిన్రా?

పదకొండు మంది స్కూలు పిల్లలతోని నయాపూల్ మీద ఆగిపోయింది బండి. ఎనకకెల్లి హారన్లు, బూతులు. స్టీరింగ్ పట్టుకొని ఏడ్చింది నా బిడ్డ. ఆ కోపంల ఫిర్యాదు రాసి సంతకం పెట్టింది. మీకు గంతే చాలు! మీ నాయన కాలం సంది పనిజేసినోన్ని గేటు బయటికి నూకిన్రు.

నాకేమైతడా? ఏం కాడు. మొన్న ఆదివారం ప్రార్థనల నా ముందు వరుసల కూసున్నడు. ఎనకకు మర్లి, "వదినా, స్వీటీ బండి బాగైందా?" అన్నడు. తిట్టలే సేట్. బండి గురించి అడిగిండు!

ఆగుర్రి, నాకు పాఠం చెప్పకుర్రి. వారం సంది నలుగురిని అడిగి తెలుసుకున్న. కొత్త బండ్ల పొగగొట్టంల ఫిల్టర్ ఉంటదంట. అండ్ల పడ్డ మసి కాలిపోతది. బూడిద కాలదు, అండ్లనే పేరుకుంటది, నిండితే బండి ఆగిపోతది. ఇంజన్ అరగకుండ ఆయిల్‌ల కలిపే మందే ఆఖరుకు బూడిదైతదంట. ఎంత కలపాల్నో అంత కంపెనోళ్లే కలిపి పంపుతరు. పైన చుక్క పొయ్యొద్దంట.

గీ ముచ్చట బండి అమ్మినప్పుడు ఎవరన్న చెప్పిన్రా? దండ ఏసి ఫొటో దిగిన్రు. మిఠాయి ఇచ్చిన్రు. "పైన ఏం పొయ్యకుర్రి" అంటే మీ నోట్ల ముత్యాలు రాలుతయా?

ఏందీ? ఎవరు పోసిన్రంటరా?

మా ఆయన డానియేలు బస్సు డిపోల మెకానిక్. మా పాత వ్యానుకు నెలకో సీసా ఇంజన్ మందు పోసేటోడు. "దీని గుండె సల్లగుంటది" అనేటోడు. పోయినేడు ఆయన పోయినంక మంచం కింద పెట్టె దొరికింది. పన్నెండు సీసాలు. గా నెలనే మీ కొత్త బండి ఇంటికొచ్చింది.

బిడ్డ పొద్దంత దాంట్లనే తిరుగుతది. నెలనెలా ఒకటో తారీకు పొద్దుగాల అది తానం చేస్తుంటే, మూత తీసి నేనే పోసిన. ఆయన ఉంటే పోసేటోడు గదా అని. పదకొండు నెలలు, సేట్.

స్వీటీ ఇస్సాకును నానా మాటలన్నది. నేను పక్కనే ఉన్న. నోరు తెరవలే. ఎనిమిది దినాలు.

గ్యారంటీ ఎగబెడ్తరా? ఎగబెట్టుర్రి. ముందు ఇస్సాకుకు ఫోన్ కొట్టుర్రి, నా ముంగటనే.

స్వీటీకా? ఇంకా తెల్వదు. కిందనే నిలబడ్డది. అమ్మ మీతోని లొల్లి పెట్టుకోను పోయిందనుకుంటున్నది.

ఇగో, పన్నెండోది. ఇది గూడ పోస్తే ఆయన కొన్నది ఇంక ఒక్కటి గూడ మిగలదని దాచిన. దీన్నీ మీ పరీక్షకు పంపుర్రి. బూడిద ఎంతొస్తదో రాయుర్రి.

ఈసారి సంతకం నేను పెడుత.