గుంజ మీద కాకి

అలా గుమ్మంలో నిలబడి సంచీని అటూ ఇటూ తిప్పకు వదినా, లోపలికి రా. ఆ బల్లకి ఆనుకోకు, రంగు ఇంకా ఆరలేదు. నిన్ను గుడ్డ మీద అద్దింది చాలక గుడ్డలోని రంగు నీకు కూడా అద్దానంటే, అన్నయ్య ఈ గది ఖాళీ చెయ్యమంటాడు.

ఆఁ, ఆ సంచీ మీద బొమ్మ నువ్వే. కొట్టు అద్దంలోంచి చూసింది నిన్నే. ఎవరో అనుకుంటావేమోనని చిన్న ఆశ ఉండేది నాకు. కానీ ఆ ముడి, ఆ వంగిన వీపు... నా చేతకానితనానికి ఆ ఒక్కటీ ఎలా కుదిరిందో నాకే తెలీదు.

అడగాల్సింది, ఒప్పుకుంటాను. నీ పెళ్లి ఫొటోల్లోనే ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నదానివి. అడిగితే వద్దంటావని తెలుసు. అందుకే అడగలేదు. అంత తెలివి మాత్రం ఉంది.

తీసెయ్యమంటే తీసేస్తాను. ఇవాళే వెళ్లి సంచులన్నీ వెనక్కి తెచ్చేస్తాను. ఆ కొట్టావిడ నా సంచులు పెట్టే అరని సబ్బులు చేసే ఆవిడకి ఇచ్చేస్తుంది. నేను మళ్లీ ఏదో ఆఫీసులో కుర్చీ వెతుక్కుంటాను. నాకున్నది ఆ ఒక్క కొట్టే కదా. కాకపోతే ముందు విను. విన్నాక తిట్టు.

మొన్నామధ్య ఆవిడ పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. పడవలు, మెట్లు, దీపస్తంభం చూసీ చూసీ జనానికి మొహం మొత్తిందట. కొత్తవి తెమ్మంది. ప్రయాణాలు చేసే మనిషివి, నీకేం తక్కువ అని పైగా ఓ మాట.

నవ్వు, నవ్వు. సంచీలకి కట్టే చీటీ మీద ‘నా ప్రయాణాల నుంచి’ అని రాసుకున్నది నేనేగా. ఏం ప్రయాణాలు? ఉద్యోగం పోయి ముసుగుతన్ని పడుకుంటే, నువ్వు రెక్క పట్టుకుని ఆ సముద్రపు ఊరికి లాక్కెళ్లావు. అదొక్కటే. దారి పొడుగునా వాంతులు. ఆ ఒక్క ఊరినే ఇన్నేళ్లుగా తడిగుడ్డలా పిండుకుని బతుకుతున్నాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మనింట్లో ఆ అర్ధమొగుడికి బస్సులో నిమ్మకాయ వాసన చూపించింది నువ్వు.

సరే, కొత్త ఊరెళ్లే ఓపిక లేదు కదా, పాత అచ్చులే బయటికి తీశాను. ఈ రబ్బరు పలకలు చూశావా? వీటి మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, గుడ్డ మీద అద్దుతాం. పలక మీద ఎడమ పక్కన ఉన్నది గుడ్డ మీద కుడి పక్కకి వస్తుంది. అందుకని బొమ్మని తిరగేసి చెక్కాలి. ఈ పనిలో మొదటిరోజు చెప్పే పాఠం అది.

ఆ పాఠం రోజు నేనెక్కడున్నానో మరి. ఊరికి ఊరినే తిరగేయకుండా చెక్కేశాను. ఒకసారి కొట్టులో ఒకాయన నా సంచీ పట్టుకుని, మాది ఆ ఊరేనండీ, దీపస్తంభం రేవుకి ఇటు పక్క కదా ఉంటుంది అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం నిలబడి, అది నా చూపండీ అన్నాను. ఆయన ఎంత మర్యాదస్తుడో, తలూపి రెండు కొనుక్కున్నాడు.

ఇంకా ఉంది. నువ్వు రోజూ కూరలకి తీసుకెళ్లే సంచీ మీద గుంజ ఉంది చూడు, పడవలు కట్టేది, పైన కాకి. అందరికీ నచ్చింది అదే. అది గుంజ కాదు వదినా. నువ్వే.

ముందు నిన్నే చెక్కాను, రేవు మెట్ల మీద కూర్చున్నట్టు. మెడ దగ్గర కత్తి జారి సగం తల ఎగిరిపోయింది. పలక పారెయ్యడానికి మనసొప్పలేదు. ఒంటిని గుంజ చేశాను. మిగిలిన ముడికి ముక్కు పెట్టి కాకిని చేశాను. ఇన్నేళ్లూ నిన్ను నీ భుజానికే తగిలించి బజారుకి పంపిస్తున్నాను.

నవ్వావా? హమ్మయ్య. కూర్చో, ఆ స్టూలు మీద రంగు లేదు.

ఈసారి బుద్ధి తెచ్చుకుని ఊరంతా జాగ్రత్తగా తిరగేసి చెక్కాను. దీపస్తంభం దాని చోటికి అది వచ్చింది. గుంజ తీసేసి అక్కడ మళ్లీ నిన్ను కూర్చోబెట్టాను. నిన్ను వేరే రంగులో అద్దాలి కదా, అందుకని వేరే చిన్న పలక. కొట్టావిడ సంచీని వెలుతురులోకి పట్టుకెళ్లి చూసింది. తర్వాత, ఎన్నుంటే అన్నీ తెమ్మంది.

ఏంటి? అక్కడ వేలు పెట్టి చూపిస్తున్నావేంటి?

ఓహో. పట్టేశావన్నమాట. ఆ రోజు నువ్వు సముద్రం వైపు తిరగలేదు. అవును. దొంగలున్నారని ఎవరో అన్నారని సామాన్లకే కళ్లప్పగించి కూర్చున్నావు. నేను మెట్లన్నీ ఎక్కి దిగి, పడవెక్కి, బొమ్మలు గీసుకుని వచ్చాను. నువ్వు మాత్రం సముద్రానికి వీపు పెట్టుకునే ఉన్నావు. చూశావా అని నేను అడగను కూడా లేదు.

కొట్టావిడ కూడా అడిగింది, ఆవిడ సముద్రాన్ని అలా చూడ్డం ఎలా తట్టిందమ్మా నీకు అని. ఏదో లోతుగా ఆలోచించినట్టు మొహం పెట్టాను. నీకు మాత్రం అబద్ధం చెప్పలేను. నాకేమీ తట్టలేదు వదినా. ఊరంతా చెక్కేసరికి నడుం లాగేసింది. చివరికి నీ పలక దగ్గరికొచ్చి తిరగెయ్యడం మర్చిపోయాను. మళ్లీ అదే తప్పు. అద్ది చూస్తే నువ్వు సామాన్లు వదిలేసి అటు తిరిగి కూర్చున్నావు.

ఇంకో పలక తీసుకున్నాను, సరిగ్గా చెక్కుదామని. కత్తి పట్టుకుని నిన్నే చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది. నిన్ను మళ్లీ ఇటు తిప్పడానికి చెయ్యి రాలేదు.

ఇప్పుడు చెప్పు, తీసెయ్యమంటావా?

ఏడుస్తున్నావా? సర్లే, కళ్లు తుడుచుకో. ఆ గుడ్డతో కాదు, దానికి నీలం అంటుకుంది.

ఓ పని చేద్దాం. మనిద్దరం మళ్లీ వెళ్దాం అక్కడికి. సామాన్ల దగ్గర నేను కూర్చుంటాను. ఎటూ ఆ ఊరు నాకు తిరగేసి తప్ప గుర్తులేదు.