నూనె పడని గాలి

ఓడల యార్డు దగ్గర, గార్డెన్ రీచ్ పేటలోని ఇంట్లో, మనవరాలు సాహిత్య కొత్తగా తెచ్చిన ఆక్సిజన్ మిషను ఎదురుగా కాసులమ్మ.

“...ముక్కుకి గొట్టం ఎట్టుకుంటే ఏనుగుపిల్లలాగ ఉంటానే.”

“ఉంటే ఉండు మామ్మా. మంచం దిగితే చాలు, ఆయాసపడిపోతున్నావు.”

“ఆయాసమేటి? పాత లాంచీ ఇంజనుకి మల్లే కాస్త సప్పుడొస్తాది, అంతే. ఇంతకీ ఈ పెట్టిలో గేసు ఎవులు పోస్తారు?”

“ఎవరూ పొయ్యరు. గదిలో గాలినే పీల్చి, అందులోంచి ఆక్సిజన్ వేరు చేస్తుంది.”

“ఓలమ్మా! మీ తాత ఓడల యార్డులో నడుములు ఇరిగీలాగ సిలిండర్లు దొల్లించింది ఈ గాలి కోసమేటి? ముందే తెలిస్తే కిటికీ తీసుకుని కూకుందుము కదే!”

“తల ఇటు తిప్పు మామ్మా.”

“ఉండవే. నేను కాపరానికొచ్చినప్పుడు కార్బైడు డ్రమ్ములు. నీళ్లు తగిల్తే గేసు పుట్టీది, ఆ మంటతో ఓడ రేకులు కోసీవోరు. మీ తాత ఇంటికొస్తే ఒళ్లంతా ఎల్లుల్లి కంపు. నేను మాంసం వొండినానని ఈదంతా అనుకునీవోరు. నేనూ కాదన్లేదులే! తరవాత ఆ గేసూ సిలిండర్లలోకి ఎక్కినాది. ఆ పైన ఆక్సిజన్ని నీళ్లలాగ సేసి ట్యాంకర్లలో తెచ్చినారు, గొట్టాల్లో పంపినారు. ఇప్పుడేమో నా మంచం కాడికే వొచ్చీసినాది.”

“మరింకెందుకు గోల?”

“అన్నీ మారినాయి గాని, దానికి నూనంటే పడకపోడం ఒక్కటి మారలేదు. జిడ్డు తగిలితే భగ్గుమంటాదని మీ తాత పన్లో ఉన్నన్నాళ్లూ తలకి నూని ముట్టలేదు. పెళ్లైన కొత్తలో నేను ముద్దుగా రాసి పంపితే, పన్జేయించే మిస్త్రీ దాదా గేటు కాడ్నుంచే తిప్పి పంపీసినాడు. పెళ్లాం సోకులు సూడండర్రా అని అందరూ ఒకటే నవ్వు!”

“డాక్టరూ అదే అన్నాడు. నువ్వూ నూనె మానెయ్.”

“మాన్ను.”

“మామ్మా! ఉన్నదే పిడికెడు జుట్టు!”

“పిడికెడేటి, ఎలక తోక. అయినా మాన్ను.”

“ఊపిరి కంటే నూనె ఎక్కువా?”

“...టీ తాగుతావేటే?”

“మాట మార్చకు. ఎందుకు మానవు?”

“ష్, మీ తాతొస్తన్నాడు. ఆయన కాడ ఇదేటీ అనకు.”

“గుమ్మం కాడే ఉన్నాను, అన్నీ ఇన్నాన్లే కాసులూ. రిటైరైన కాడ్నుంచీ రోజూ సాయంత్రం నీ తలకి నూని రాస్తన్నాను కదా, అది పోతాదనేటి నీ బెంగ? ఇదిగో, సేతులు సబ్బెట్టి కడిగీసుకునే వొచ్చినాను. గొట్టం ఎట్టుకుని ఇలగ కూకో. వొట్టి దువ్వెన పట్టుకోడానికి నా సేతులు పనికిరావేటి?”