మొలతాడుకు కట్టిన తాళంచెవి

కోతలు కోసేటోళ్లు పాతబస్తీల మస్తుమంది ఉన్నరు గని, ఆగయ్య ముంగట అందరు దిగదుడుపే. కాటేదాన్ దిక్కు బట్టలకు రంగులేసే ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు పైపు ఫిట్టరు పని చేసి దిగిపోయిండు. ఇప్పుడు రోజు పొద్దుగూకంగనె యాకుత్‌పురా స్టేషన్ ముంగట బేబక్క చాయ్‌బండి కాడికొచ్చి బెంచీ మీద కూసుంటడు. ఇగ నోరు మూతవడదు.

ఆ పొద్దు జోయెల్ గూడ ఆడ కూసున్నడు. అదే ఫ్యాక్టరీల ఇప్పుడు ఫిట్టరు. డబల్ డ్యూటీ చేసొచ్చిండు, కండ్లు గుంజుతున్నయి, చేతుల చాయ్ చల్లారుతున్నా తాగబుద్ధి ఐతలేదు. వాని ఫికరు వేరే ఉన్నది. ఆవిరి లైనుల స్ట్రెయినర్ జామైంది. స్ట్రెయినరంటె పైపుల కొట్టుకొచ్చే తుప్పు, చెత్త ఆపే జాలీ, దాని మీద బోల్టులేసిన మూత. రేపు పొద్దుగాల లైను బంజెయ్యకుండనె మూత తీసి జాలీ కడగాలన్నడు సూపర్‌వైజర్ అమరనాథ్. కాదంటె నౌకరీ పోతది. ఔనంటె ఏం పోతదో జోయెల్‌కు ఎర్కే.

ఆగయ్య షురూ చేసిండు. మొదలు చిన్నదే. ఒకపారి చల్లనీళ్ల లైను నడుస్తుండంగనె మూత తీసి జాలీ కడిగిండట, అంగి మీద చుక్క పడలేదట. బెంచీ మీదోళ్లు ఔనన్నట్టు తలకాయలూపిండ్రు. దాంతోని హుషారొచ్చింది. చల్లనీళ్లదేముంది, ఆవిరి లైను గూడ గట్లనె తీసిండట, బుస్సుమని వచ్చే ఆవిరికి ఎడమచెయ్యి అడ్డంవెట్టి, కుడిచేత్తోని జాలీ కడుక్కుంట, మజ్జెల చాయ్ గూడ తాగిండట.

"చాయ్ గిలాస ఏ చేత్తోని పట్టుకున్నవ్ కాకా?" అని పాలబండి మహేందర్ అడిగిండు. ఆగయ్య ముచ్చటను ఇంకింత ముంగటికి గుంజిండు.

ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఇంకో నీళ్ల లైనుల ఎవలో స్ట్రెయినర్‌ను ఉల్టా బిగించిండ్రట, నీళ్లు పోయే దిక్కు చూపే బాణం గుర్తు ఎన్కకు సూస్తున్నదట. వేరేటోడైతె ఇప్పి మళ్ల బిగిస్తడు. ఆగయ్య పైపు మీద ఒక్కటి సరిసి, ఎన్కకు నడువుమని నీళ్లకే చెప్పిండట, అవి నడిచినయట. గంతల్నె మూత ఊసిపోయి, మూసీ దాటి, అఫ్జల్‌గంజ్ మీద ఒక చక్కర్ కొట్టి, మళ్లొచ్చి బహదూర్‌పురా జూల ఏనుగు ముంగట పడ్డదట. ఏనుగు ఇప్పటికీ దాంట్లనె తింటదట. ఆగయ్య పైపుకు ఈపు ఆనిచ్చి నీళ్లను ఆపి జాలీ బయటికి గుంజితె, అండ్ల ఒక ఆటో ఉన్నదట, డ్రైవర్‌తోని సహా.

"యాకుత్‌పురా వస్తవా అని అడిగిన. రానన్నడు."

గిదొక్కటి మాత్రం నమ్మొచ్చన్నడు మహేందర్. అందరు నవ్విండ్రు. జోయెల్ నవ్వలే.

ఉక్కపోతకు ఆగయ్య అంగి అంచు పైకి లేపి మొఖం తుడుసుకున్నడు. మొలతాడుకు ఎర్రరేకు కట్టిన ఇత్తడి తాళంచెవి కనబడ్డది.

"కాకా, గది వాల్వ్‌కేసే తాళానిది గద," అన్నడు జోయెల్ మెల్లగ. "లైను ఎన్నడు బంజెయ్యనోనికి తాళమెందుకు?"

ఊకె యాదికి ఉంచుకున్న అన్నడు ఆగయ్య, అంగి కిందికి గుంజుకుంట.

"నడిచే లైనుల ఆగయ్య తీసిండు, నీకేమైంది అని అమరనాథ్ నన్ను అంటున్నడు. రేపు నేను తియ్యాలె కాకా. నాకు భయమైతున్నది."

తన కోతలు ఫ్యాక్టరీ దాంక నడిచిపోయినయని ఆగయ్యకు అప్పటిదాంక తెల్వదు. ముప్పై ఏండ్ల అలుపంతా ఒక్కపారె మీదవడ్డట్టయింది. ఆయన నోరు తెరిస్తె, అది రోజుటి గొంతు కాదు.

"ముంగటిది, ఎన్కది రెండు వాల్వ్‌లు బంజేసి తాళమేసేటోన్ని. చెవి మొలకు కట్టుకునేటోన్ని, నా చేతులు లోపలుండంగ ఇంకోడు తెరవొద్దని. కింది డ్రెయిన్ తెరిసి, పక్కకు నిలవడి, ఒత్తిడి చూపే గేజు ముల్లు సున్నకొచ్చి పైపు సల్లారేదాంక ఆగేటోన్ని. గట్ల చేయకుంట ఒక్క మూత గూడ ముట్టలే బిడ్డా. చల్లనీళ్లది గూడ."

మొలతాడు ముడి ఇప్పి చెవి జోయెల్ అరచేతుల వెట్టిండు. తాళం ఇంట్ల ఉన్నది, పొద్దుగాల తీస్కొని నేను గేటు కాడికొస్తనన్నడు. అమరనాథ్ ముంగట తనే చెప్తడట, ఆగయ్యవి అన్ని ఉత్త కోతలేనని.

జోయెల్ చల్లారిన చాయ్ ఒక్క గుక్కల తాగి లేసిండు. నాలుగడుగులు ఏసినంక ఎన్కనుంచి ఆగయ్య పిలిసిండు.

"జోయెలూ, గా ఆటో ముచ్చట మాత్రం ఉండనియ్యి."