పరబ్రహ్మంగారి కాఫీ బీరు

ఛత్రినాకలో ఆ సాయంత్రం కరెంటు పోయింది. పోయిన కాసేపటికే రామ్‌చందర్ ఇంటి అరుగు నిండింది. ఇంటి ఓనరు రామ్‌చందర్, ఆయన భార్య లీలమ్మ, ధూల్‌పేట్‌లో గణపతి బొమ్మలకి రంగులేసే నర్సింహ, వాళ్ళందరికీ నడుమ ప్లాస్టిక్ కుర్చీలో పరబ్రహ్మంగారు. ఆ కుర్చీ ఆయనకి ఎవరూ వెయ్యలేదు, లోపల్నుంచి ఆయనే మోసుకొచ్చుకున్నాడు. కోతలు కోసేవాడికి కాస్త ఎత్తు కావాలి గదా.

పరబ్రహ్మంగారిది అమలాపురం వైపు. సర్కారు నౌకరీ మీద ఎప్పుడో పట్నం వచ్చి, రామ్‌చందర్ ఇంట్లో వెనక వాటాలో దిగి, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆఫీసులో ఆయన చేసే పనేమిటో వీధిలో ఎవరికీ సరిగా తెలీదు గానీ, ఆయన నాలుక సంగతి మాత్రం అందరికీ తెలుసు. మంచినీళ్ళు పుక్కిట పట్టి ఏ బావివో చెప్పేస్తానంటాడు. ఆ నాలుకతో ఇన్నేళ్ళుగా వేగుతున్నది ఆయన భార్య కామేశ్వరమ్మ. ఆవిడ గడప మీద కిరసనాయిలు దీపం పెట్టుకుని చింతపండులో పిక్కలు తీస్తోంది.

కామేశ్వరమ్మకి ఒక్కటే కోరిక ఉంది. బేగంబజారు దాకా పోయి కాఫీ గింజలు చేత్తో ఏరి తెచ్చుకుంటుంది. ఇనప మూకుట్లో వేయించుకుంటుంది, చేతిమరలో విసురుకుంటుంది, ఇత్తడి ఫిల్టర్లో చుక్క చుక్కగా దింపుతుంది. లీలమ్మ మెచ్చుకుంది, రామ్‌చందర్ మెచ్చుకున్నాడు, ఒకసారి కరెంటు బిల్లు ఇచ్చేవాడు కూడా మెచ్చుకున్నాడు. మొగుడు మాత్రం తాగి “ఊఁ” అంటాడు. కొన్ని రోజులు ఆ “ఊఁ” కూడా ఉండదు, “ఇవాళ నీళ్ళెక్కువైనట్టున్నాయే” అంటాడు. కాఫీ బావుందని ఒక్కసారి ఆయన నోటి వెంట వింటే చాలునని ఆవిడకి కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఉంది. అడిగి అనిపించుకోవడం మాత్రం ఇష్టం లేదు. అడిగితే వచ్చేదాన్ని మెప్పనరు.

ఇవాళ కథ ఐర్లండు సీసాది. అరుగు మీద అందరూ ఒకసారి విన్నదే, నర్సింహ ఒక్కడే కొత్త. ఆ సీసా సంగతి అసలు జరిగినట్టుగా తెలిసిన మనిషి మాత్రం గడప మీద కూర్చుని ఉంది.

జరిగింది ఇదీ. ఆఫీసులో వేణుమాధవ్ అని కుర్ర ఇంజనీరు ట్రైనింగుకని ఐర్లండు వెళ్ళొచ్చి, పరబ్రహ్మంగారి నాలుక మీద గౌరవంతో ఒక సీసా తెచ్చి ఇచ్చాడు. కాఫీ కలిపిన నల్లబీరు. బీరని చెబితే భార్య ఫ్రిజ్జిని పసుపునీళ్ళతో కడుగుతుందని భయపడి, ఆయన దాన్ని పాత పేపర్లో చుట్టి, “ఫారిన్ కాఫీ, ఆదివారం దాకా ముట్టుకోకు” అన్నాడు. మర్నాడు ఆయన అటు ఆఫీసుకెళ్ళాడో లేదో, ఇటు లీలమ్మ వాళ్ళ చుట్టాలు దిగారు. డికాక్షన్ చాల్లేదు. కామేశ్వరమ్మ సీసా తీసి చూసింది. పైన కాఫీ గింజల బొమ్మ ఉంది. ఆ దేశంలో డికాక్షన్ సీసాల్లో పోసి అమ్ముతారు కాబోలు అనుకుని, పట్టకారుతో మూత లాగి, మరుగుతున్న పాలలో పోసింది. పాలు విరిగి, నురగ పొంగి, పొయ్యి ఆరిపోయింది.

ఇదేం కాఫీరా దేవుడా అని సీసాలో మిగిలింది కాస్త గ్లాసులో వంపుకుని తాగి చూసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, సీసా మీద ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని, బీరు అన్న మాట దగ్గర ఆగింది. వెంటనే పుక్కిలించాలని తెలుసు. ఆవిడ కొంచెంసేపు ఆగి పుక్కిలించింది.

మొగుడు ఆ సీసా మీద ఎంత ఆశ పెట్టుకున్నాడో ఆవిడకి తెలుసు. పోయిందంటే పసిపిల్లాడిలా మొహం ముడుచుకుంటాడు. అందుకని మళ్ళీ కొత్తగా దింపిన డికాక్షన్ సీసాలో పోసి, సందు చివర డబ్బా నుంచి గోలీసోడా తెప్పించి కలిపి, మూత పెట్టి అప్పడాల కర్రతో కొట్టింది. ఆదివారం నాడు పరబ్రహ్మంగారు రామ్‌చందర్‌ని వెంటబెట్టుకుని ఆ సీసాని డాబా మీదికి పట్టుకెళ్ళాడు.

“నల్లబీరంటే గటగటా తాగేది కాదు నర్సింహా,” పరబ్రహ్మంగారు గొంతు సవరించుకున్నాడు. “దాన్ని స్టౌట్ అంటారు. బార్లీ గింజని నల్లగా మాడేదాకా వేయించి, దాంతో కాస్తారు, కాఫీ కూడా వేస్తారు. దాన్ని మరీ చల్లగా తాగామా, నాలుక మొద్దుబారి ఏ రుచీ తెలీదు. గ్లాసుని అరచేతిలో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చోవాలి. ముందు ముక్కు, తర్వాత నాలుక. నేనేం చేశానూ, కళ్ళు మూసుకుని ఒక్క గుక్క పట్టి, మింగకుండా నోట్లోనే ఉంచుకుని, రామ్‌చందర్‌తో అన్నాను, ఇందులో కాఫీ ఉందయ్యా అని.”

“నోట్లె పెట్టుకొని ఎట్లంటివి సారూ?” అన్నాడు నర్సింహ.

“ముక్కుతో అన్నాను. మధ్యలో అడ్డు రాకు.”

“సీసా మీద రాసే ఉండె గద, కాఫీ అని,” అన్నాడు రామ్‌చందర్.

“రాస్తే రాశారు, నేను చదివితేగా. కళ్ళజోడు కింద మరిచిపోయాను. ఇహ రెండో గుక్క. ఆ కాఫీ మన అరకులోదని తేలిపోయింది. చెట్టు తూర్పు వాలులో ఉంది. పక్కనే మిరియం తీగ పాకింది, ఆ ఘాటు నాలుక కొనమీద తగిలింది నాకు. గింజ ఎండబోసిన మూడోనాడు మధ్యాహ్నం ఓ మబ్బు అడ్డొచ్చింది, చిన్న మబ్బే, అయినా దొరికిపోయింది. అక్కడితో ఊరుకున్నానా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిన్నగా కిందికి దిగి, ఐఎస్‌డీ బూతుకెళ్ళి, ఆ కంపెనీవాడికే ఫోను కొట్టాను. సీసా మీద నంబరుంది.”

“కండ్లజోడు లేకపాయె. నంబరెట్ల సదివినవ్?” అన్నాడు నర్సింహ.

“వేలితో తడిమాను. అచ్చు ఉబ్బెత్తుగా ఉంది. అడ్డు రావద్దన్నానా? అవతల దొర ఎత్తాడు. ఏవయ్యా, నీ బీరు బావుంది గానీ నీ పీపాకి అడుగున ఓ చెక్క పుచ్చింది చూసుకో అన్నాను. వాడు పరిగెత్తి చూసొచ్చి, నిజమే సార్, మీరెవరు సార్ అన్నాడు. ఛత్రినాక పరబ్రహ్మాన్ని అన్నాను. సార్, ఇంకో పీపా ఉంది, దాని సంగతి కూడా చూసిపెట్టండి అని, ఏకంగా ఫోను తీసుకెళ్ళి పీపా మూతి మీద పెట్టాడు. ఇహ చూడు, వాసన సముద్రాలు దాటుకుంటూ తీగ వెంట బయల్దేరింది.”

“ఫోన్ల వాసన ఏడికెల్లి వస్తది సారూ?”

“మాట వస్తే వాసన రాదా? రెండూ గాలే కదా. బూతంతా నిండిపోయి అద్దాలకి ఆవిరి పట్టింది. తలుపు సందులోంచి బయటికొచ్చి లాల్‌దర్వాజా దాకా పోయింది. ఆటోవాళ్ళు గిరాకీలని దింపేసి ముక్కులు పైకెత్తి నిలబడ్డారు. ఉప్పుగూడలో ప్యాసింజరు బండికి సిగ్నలిచ్చినా కదల్లేదు, డ్రైవరు తల బయట పెట్టి కూర్చున్నాడు, దిగమంటే దిగడు, నడపమంటే నడపడు. ఆ దొర నా పరిజ్ఞానానికి అక్కడ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మీ నాలుక అచ్చు పంపండి, ఇకనుంచి మా ప్రతి పీపా మీదా దాని ముద్రే వేస్తాం అన్నాడు. నర్సింహా, నీకు పని పడింది. వినాయకుళ్ళ సీజను అవగానే నా నాలుకకి బొమ్మ చెయ్యాలి.”

“ఎంత ఎత్తు చెయ్యాలె సారూ? మట్టి సరిపోతదో లేదో,” అన్నాడు నర్సింహ. లీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కామేశ్వరమ్మ నవ్వలేదు. ఈ పాటికి రావలసిన చోటు ఒకటుంది, దానికోసం చూస్తోంది. మొదటిసారి చెప్పినప్పుడు అది ఒక్క ముక్కగా వచ్చింది. ఇవాళ ఎంత పెరుగుతుందో అని చింతపండు మీద చేతులు ఆపేసింది.

“అన్నీ అయ్యాక దొర ఒక ప్రశ్న వేశాడు,” పరబ్రహ్మంగారి గొంతు నెమ్మదించింది. కోతల్లో కూడా ఆయనకి అలా గొంతు దిగే చోట్లు ఉంటాయి. “సార్, ఈ కాఫీ దింపిన చెయ్యి ఎలాంటిదో చెప్పగలరా అని. నేను కళ్ళు మూసుకుని ఆ రుచి మళ్ళీ తలుచుకున్నాను. తర్వాత అన్నాను, అది ఆడమనిషి చెయ్యి. వేయించేటప్పుడు పక్కకి చూడని మనిషి. నీళ్ళు ఒక్కసారి గుమ్మరించదు, ఫిల్టరుని తట్టదు, దాని పాటికి దాన్ని దిగనిస్తుంది. అంత ఓపిక ఇప్పుడు ఎవరికుంది? పొద్దున్నే అందరికంటే ముందు లేచి, ఎవరో తాగబోయేదాని కోసం అలా నిలబడే మనిషి అది. ఆ రుచిలో తొందర అన్నది ఒక్క చుక్క లేదయ్యా. ఆ తల్లి ఎదురుపడితే కాళ్ళకి దణ్ణం పెడతాను అన్నాను.”

 ఈసారి నర్సింహ కూడా అడ్డు రాలేదు. కామేశ్వరమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళకి వచ్చింది మెప్పు. వచ్చింది గానీ, ఊరూ పేరూ లేని ఎవరో ఐర్లండు ఆవిడ ఖాతాలో పడింది. నోరు విప్పితే మొగుడు వీధిలో నవ్వులపాలవుతాడు, విప్పకపోతే ఈ మాటలు తనవని ఎన్నటికీ ఎవరికీ తెలీదు. పోనీలే, విన్నాను, చాలు అనుకుంది. నిజంగానే అనుకుంది.

అంతలో లీలమ్మ ఊరుకోక, “గది సరే సారూ, మరి మా అక్క కాఫీ? గా కాఫీ ముంగట ఎట్లుంటది?” అంది.

“దానికీ దీనికీ పోలికేవిటి లీలమ్మా,” పరబ్రహ్మంగారు చెయ్యి విదిలించాడు. “నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. అది తాగిన నాలుకతో మర్నాడు ఇంట్లో కాఫీ తాగడానికి ఎంత అవస్థ పడ్డానో నాకు తెలుసు.”

కామేశ్వరమ్మ చింతపండు గిన్నె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

“ఏవండీ, ఆ సీసాలో ఉన్నది నా డికాక్షను,” అంది. “మీరు ఫారిన్ కాఫీ అన్నారు కదా అని అసలుది పాలల్లో పోసేశాను. విరిగిపోయింది. మీరు బాధపడతారని, నాది పోసి సోడా కలిపి పెట్టాను.”

రామ్‌చందర్ ముందు నవ్వాడు. “అందుకే నేను అంటనే ఉన్న గద. ఒక్క గుక్క ఇయ్యంగనే చెప్పిన, అచ్చం అక్క కాఫీ లెక్కనే ఉందని. నన్ను పట్టుకొని నాలుక లేనోడివన్నవ్. లే సారూ, దండం పెట్టు మరి.”

పరబ్రహ్మంగారు కుర్చీలో కదల్లేదు. నవ్వులు ఆగేదాకా మోకాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. కామేశ్వరమ్మకి ప్రాణం ఉసూరుమంది. ఎందుకన్నానా అనుకుంది, అనకుండా ఎలా ఉంటాననీ అనుకుంది.

“అయితే అసలుది ఎట్లుంటదో ఎవ్వలకి ఎరుక లేదన్నట్టు,” అన్నాడు నర్సింహ.

“నాకు తెలుసు,” అంది కామేశ్వరమ్మ. “కాఫీ అనుకుని తాగాను.”

“ఎంత తాగినవక్కా?” అంది లీలమ్మ.

“రెండు గుక్కలు.”

“రెండోది గూడ కాఫీ అనుకునేనా?”

కామేశ్వరమ్మ చింతపండు గిన్నె మళ్ళీ దగ్గరికి లాక్కుంది. “ముందు మూకుడు మాడిన వాసన వచ్చింది,” అంది మెల్లగా, గుర్తు తెచ్చుకుంటూ. “చేదే. కానీ కాకరకాయ చేదు కాదు. బెల్లం పాకం ముదిరి మాడితే ఉంటుందే, ఆ చేదు. నోట్లో గంజిలా మెత్తగా ఉంది. కాఫీ ఏదీ, ఎక్కడా లేదే అనుకున్నాను. మింగి, గ్లాసు కింద పెట్టి, ఇహ అయిపోయిందనుకున్నాక అప్పుడు వచ్చింది కాఫీ. లోపల్నుంచి వచ్చింది. చాలాసేపు ఉంది.”

పరబ్రహ్మంగారు తలెత్తాడు. “నురగ ఉందా?”

“ఉందండీ.”

“తెల్లగానా?”

“కాదు, తేనె రంగు. గ్లాసుకి అంటుకుని నిలబడింది.”

ఆయన ఆ నురగని చూస్తున్నట్టు చీకట్లోకి చూశాడు. వేణుమాధవ్ చెప్పినదంతా విని, వారం పాటు ఫ్రిజ్జి తలుపు తీసి చూసుకుని, డాబా మీద గ్లాసుని అరచేతిలో పట్టుకుని కూర్చున్న మనిషి. పాపం, దాన్ని తాగాలని ఆయనకి నిజంగానే ఉండింది. కామేశ్వరమ్మకి జాలేసింది. మళ్ళీ ఎవరైనా ఆ దేశం వెళితే తెప్పించుకుందురు గానిలెండి, ఈసారి బీరని చెప్పి పెట్టండి అందామనుకుంది.

ఆయనే ముందు మాట్లాడాడు. కుర్చీలోంచి లేచి గడప దాకా వచ్చి, అరుగు మీద వాళ్ళకి వినపడకూడదన్నట్టు వంగి, “రేపు పొద్దున్న నాకు ఆ సీసాలో పోశావే, అలాంటి కాఫీ పెట్టు,” అన్నాడు.

కామేశ్వరమ్మ ఆయన మొహంలోకి చూసింది.

“రోజూ పెట్టేది అదేనండీ,” అంది.