పదకొండు బండ్ల బూడిద

ఏందప్పా రామకిష్ణా, పొద్దున్నే కాయితం పట్టుకోని వచ్చినావు? యాడ పెట్టాల సంతకం? నా కండ్లద్దాలు పగిలి నెలాయ, నువ్వే చదివి చెప్పు. ఇన్సూరెన్సా? ఓహో, నీ అంగడికి ఇన్సూరెన్సు, దానికి నీ తాతను నేను సాక్షి. పెడతాలే, యాడికి పోతా? ముందు కూసో. ఆ ముంతలో మజ్జిగ ఉండాది, పోసుకో. ఇన్సూరెన్సు అంటానే నాకు బొజ్జన్న గుర్తుకొస్తాడప్పా. నీకు తెల్దులే, మీ నాయన కూడా అప్పటికి పుట్టలేదు. ఇప్పుడు నందికొట్కూరు రస్తాలో పెట్రోలు బంకు ఉండాది సూడు, ఆ జాగాలో బొజ్జన్న, నరసన్న ఇద్దరూ కలిసి బుడ్డల మిల్లు పెట్టినారు. బుడ్డలంటే వేరుశనక్కాయలేలే, మీరు కర్నూల్లో చేరినాంక మాటలు కూడా మార్చినారు. నూనె ఇంజను, కాయ ఒలిచే మిషను, పైన రేకులు, అంతే. పెద్ద షావుకార్లేం కాదు. బొజ్జన్న పెండ్లాం మెళ్లో పుస్తెలు తప్ప ఏమీ మిగలకుండా అమ్మి తెచ్చిన ఇంజనది. దాన్ని ఎద్దును తుడిచినట్ల తుడుస్తాండె రోజూ.

మంచోడప్పా. మంచోడని ఊరికే చచ్చినోళ్లందర్నీ అంటారు, అట్ల కాదు. దానికి ముందు రెండేండ్లు కరువు. గంజి కేంద్రాల కాడ ముంతలు పట్టుకోని వరసలో నిలబడినోళ్లం మేము. ఇత్తనానికి గింజ లేదు. బొజ్జన్న నన్ను పిల్చి, "ఏమిరా తిమ్మయ్యా, చేను బీడు పెడతావా ఏంది? రెండు మూటలు తీస్కపో, పండినప్పుడు ఇయ్యి" అన్నాడు. కాటా పెట్టలేదు, రాసుకోలేదు. నరసన్న అట్ల కాదు, వాడు ఎంగిలి చేత్తో కాకిని తోలడు. ఇద్దరికీ ఎట్ల పొత్తు కుదిరిందో ఆ దేవునికే తెలియాల. ఆ నరసన్నే ఏజెంటును పట్టుకొచ్చినాడు. యాభై మూడు చివర్లోనో, యాభై నాలుగో. అప్పుడు మన కర్నూలే రాజధాని గదా, గుడారాల నిండా ఆఫీసులు, కోటేసుకున్నోడల్లా ఒక బ్యాగు పట్టుకోని పల్లెల మీద పడినాడు. ఆ ఏజెంటు నోట్లో ఆకొక్క నములుతా, "బొజ్జన్న గారూ, అగ్గి పడినా పిడుగు పడినా మీరు కాళ్లు చాపుకోని నిద్రపోండి, దుడ్లు మా కంపినీ ఇస్తాది" అన్నాడు. కంపినీ మద్రాసులో. కాయితం ఇంగ్లీషులో. దాన్ని బొజ్జన్న ఏం చేసినాడు? నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఇంట్లో దేవుని పటాల ఎనక పెట్టినాడు. చదివినోడు ఎవురుండారు? నవ్వుతావేందప్పా, నువ్వు చదివినావా ఈ కాయితం? అదీ సంగతి.

అగ్గి చైత్రంలో పడింది. మిట్టమజ్జాన్నం. ఇంజను పొగగొట్టంలోంచి రవ్వ ఎగిరి బయట పొట్టు కుప్ప మీద పడింది, అదే టయానికి సుడిగాలి. అగ్గికి గాలి తోడైతే ఇంగ చెప్పేదేముండాది? బాయిలో కడవ మునిగేంత నీళ్లు ల్యావు. మేము పోయేసరికి రేకులు టపటపమని పైకి లేస్తాండాయి. నాలుగు నూర్ల మూటల బుడ్డలప్పా! లెక్క పుస్తకాలు కూడా దాంట్లోనే. బొజ్జన్న లోపలికి ఉరకబోతే నేనూ ఇంగొకడూ నడుం పట్టుకోని ఆపినాం. ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు. ఊరు ఊరంతా ఏంచిన బుడ్డల వాసన. ఆ మడిసి ఆడ నేల మీద పడి ఏడుస్తాంటే, నాకు నోట్లో నీళ్లూరినాయి. కరువు చూసిన కడుపు అది, దానికి సిగ్గు యాడుంటాది?

ఇప్పుడు అసలు ఇసయం. మన తట్టు పాత ఆచారం ఒకటుండె. ఇల్లు గానీ అంగడి గానీ కాలిందంటే, ఆ బూడిద అమాస దాటకూడదు. దాటితే ఆ జాగాలో మళ్లీ దీపం నిలబడదని. కాలినోడు తానే ఎత్తుకోకూడదు, ఊరోళ్లు ఎత్తాల. ఎవురూ పిలవకుండానే బండ్లు కట్టుకోని పోవాల, ఎత్తి చేన్లకు తోలాల, కూలి అడగకూడదు. ఎరువు మనకు, శుద్ధి వానికి. బొజ్జన్న తల్లి హనుమంతమ్మ, ముసలామె, రొమ్ము గుద్దుకుంటా వచ్చి, "నాయనా, ఇంగ మూడు దినాలే ఉండాది అమాసకు, నా కొడుకు గడపలో ఈ నలుపు ఉంచొద్దండి" అని అందరి కాళ్లూ పట్టుకొనె. కట్టినాం బండ్లు. ఒక్కొక్కడు ఒకటో రెండో తోలినాడు. నా ఎద్దులు గట్టివి, చేను దగ్గర, నేను ఒక్కణ్ణే పదకొండు బండ్లు తోల్నా. కాలిన కాయ, పొట్టు, బొగ్గు, అంతా. చేన్లో కుప్పలు కుప్పలుగా పోసినా. మర్సటి దినం ఆడోళ్లు పేడతో అలికి ముగ్గేసినారు, హనుమంతమ్మ ఆడనే మూడు రాళ్లు పెట్టి పాలు పొంగిచ్చె. మేమంతా మంచి పని చేసినామని మీసాలు తిప్పుకుంటా ఇండ్లకు పోయినాం. ఆ పసుపు రాసిన కాయితంలో ఏముండెనో తెలుసా? మా మడిసి వచ్చి చూసేదాకా కాలినది కాలినట్లే ఉంచాల, చిటికెడు కూడా కదిలియ్యకూడదు అని ఉండె.

మద్రాసు నుంచి మడిసి పది దినాలకు దిగినాడు. నెత్తిన టోపీ, చేతిలో కొలిచే టేపు. నాలుగు గోడలు, లోపల అలికిన నేల, ముగ్గు. వాడు ముగ్గు దాటుకోని లోపలికి పోయి, చుట్టూ తిరిగి, అరవ యాసలో, "ఏమయ్యా, ఇక్కడ నిప్పు పడిందా, పెండ్లి జరిగిందా?" అన్నాడు. ఆ మాట ఇన్నందుకే బొజ్జన్న సగం చచ్చినాడు. "నాలుగు నూర్ల మూటలు కాలితే బూడిదన్నా ఉండాల గదా, బూడిద ఎక్కడ?" అంటాడు. ఆచారం సామీ అని చెప్తే, "ఆచారానికి కంపినీ డబ్బులు ఇవ్వదు" అని రాసుకోని పోయినాడు. నెలకు జాబు వచ్చె. సరుకు ముందే అమ్ముకోని, ఖాళీ మిల్లుకు మీరే అగ్గి పెట్టుకున్నారు, మీకు దమ్మిడీ రాదు అని. దొంగలని రాసినారప్పా! దుడ్లు పోతే పోయె, ఆ మాటకు బొజ్జన్న మూడు దినాలు బువ్వ తినలేదు. నరసన్న బజార్లో నిలబడి, "నీ తల్లి ముగ్గే మన కొంప ముంచింది" అని అరిచినాడు. అది ఇన్యాంక ఆ ముసలామె చచ్చేదాకా చేత్తో ముగ్గు పట్టలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారే, ఈడ పూజారి లేడు, దేవుడూ లేడు, టోపీ ఒకటే ఉండె.

కర్నూల్లో ఒక వకీలు, పుణ్యాత్ముడు, ఫీజు తర్వాత చూద్దాంలే అన్నాడు. "బూడిద చేన్లలో పోసినారు గదా, ఇంకా ఉందా?" అని అడిగె. మిగతావోళ్లంతా అప్పటికే చల్లేసినారు. నా చేన్లో మాత్రం కుప్పలు అట్లే ఉండె, వాన పడినాంక చల్లుదామని ఊరికే ఉండినా. వకీలు నన్ను పిలిపిచ్చి, "చూడు తిమ్మయ్యా, కంపినీ పెద్దాఫీసరు సోమవారం వస్తాడు. ఆ కుప్పలు కండ్లతో చూసినాడంటే మాట మారుతుంది. అప్పటిదాకా చేన్లో అడుగు పెట్టొద్దు" అన్నాడు. సరే అన్నా. బొజ్జన్న నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

శనివారం సాయంత్రం వాన పడింది. మృగశిర వాన. కరువు పోయినాంక చేను నిండా తడిసిన మొదటి వాన. నీకేం తెలుసప్పా, నువ్వు బట్ట మీటర్లు కొలిచేవానివి. పదును అంటే ఏమనుకున్నావు? ఇత్తనానికి సరిపోయే తేమ. ఎర్రనేలలో రెండు దినాలు గాలి కొడితే పోతాది, మళ్లీ ఎప్పుడొస్తాదో ఎవురు చెప్పాల? తెల్లారి చూస్తే ఊరు ఊరంతా ఇత్తనాల గొర్లు కట్టుకోని పోతాండారు. నేనూ కట్టినా. మీ అవ్వ హులిగెమ్మ వాకిట్లో అడ్డం నిలబడె. "రేపొక్క దినం ఆగు. ఆ బూడిద మనది కాదు. పదును పోతే పోనీ, మనం మళ్లీ గంజి తాగుదాం" అనె. ఆడదాని మాట ఇంటే ఊరు నవ్వుతాదని కసిరినా. కుప్పలన్నీ చల్లి, దున్ని, ఆదివారం పొద్దు మునిగేలోపల ఇత్తనం ఏసేసినా. ఏ ఇత్తనం అని అడుగు? బొజ్జన్న ఇచ్చినాడు సూడు రెండు మూటలు, దాంట్లో పండిన ఇత్తనమే.

ఏందీ? ఆకలి, ఏం చేస్తావంటావా? ఉండప్పా. అంతవరకే అయితే నేనూ అట్లే చెప్పుకుందును. సోమవారం ఆఫీసరు రానే వచ్చినాడు. వకీలు, బొజ్జన్న, నరసన్న అంతా చేను గట్టు మీద. చూస్తే కుప్పల్లేవు, దున్నిన సాల్లు. బొజ్జన్న సాల్ల తట్టు చూసినాడు, నా తట్టు చూడలేదు. ఆఫీసరు కోపం చెయ్యలేదు, వంగి మట్టి తీసి అరచేతిలో నలిపినాడు, నల్లగా అంటుకొనె. ఆయప్ప ముందొచ్చిన టోపీవాని మాదిరి కాదు. "బూడిద పడినట్లే ఉంది. ఎన్ని బండ్లు? నువ్వే తోలినావా?" అని నన్ను అడిగె. అని, కాయితం తీసి, "పదకొండు బండ్లు మిల్లు నుంచి నేనే తోలినానని రాయిస్తా, సాక్షిగా సంతకం పెట్టు. అది చాలు నాకు. అబద్ధమని తేలిందంటే మాత్రం నీ మీద కేసు, ఈ చేను జప్తు" అన్నాడు. అదీ మాట. అబద్ధం కాదు గదా? తోలినోన్ని నేనే గదా? పెన్ను చేతిలో పెట్టినాడు. నేను చేను చూసినా. జప్తు అనే మాట చెవుల్లో గుయ్యిమంటాండాది. నా నోరు, ఈ నోరే, ఏమనిందో తెలుసా? "నాకు లెక్క తెల్దు సామీ. ఒకటో రెండో తోలినాను" అనింది.

వకీలు తల పట్టుకున్నాడు. నరసన్న నన్ను కొట్టేకి వచ్చినాడు, కొట్టింటే బాగుండు. బొజ్జన్న వాన్ని ఎనక్కి లాగి, "పోనీలేరా. పిల్లలుండారు వానికి" అన్నాడు. గట్టు దిగి పోతా పోతా నా దగ్గర ఆగి, "పదును బాగుండాది తిమ్మయ్యా, పైరు బాగా లేస్తాది" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు.

లేసిందప్పా పైరు. అట్లాటి పంట మళ్లీ ఆ చేన్లో నా జన్మలో చూడలేదు. పోయేటోడు వచ్చేటోడు గట్టు మీద నిలబడి, "ఏం ఎరువేసినావురా తిమ్మయ్యా" అని అడుగుతాండె. ఏం చెప్పాల? మీ అవ్వ ఆ ఏడు ఒక్క బుడ్డ నోట్లో పెట్టలేదు. మిల్లు జాగా అప్పులోళ్లు తీసుకున్నారు. బొజ్జన్న ఆదోనికి పోయి ఎవురిదో మిల్లులో మూటలు ఎంచే పనికి కుదిరినాడు. ఒకసారి పత్తి అమ్మేకి పోతే కనపడినాడు. చొక్కా చిరిగిండె. నాకు టీ తాపిచ్చి, దుడ్లు ఆయనే ఇచ్చినాడు. చేను ఎట్లుండాదని అడిగినాడు. దొంగ నాకొడకా అని ఒక్క మాట తిట్టింటే, నేను ఇట్ల…

ఏమప్పా? ఆ, సంతకమా. ఏదీ, ఇట్ల ఇయ్యి. ఈడనేనా? దీని కింద ఏమని రాసిండాది, సాక్షి అనేనా?

నాతో వద్దప్పా. మన పక్కింటి గోపన్న ఇంటికాడనే ఉంటాడు, వాని దగ్గరికి తీస్కపో. మజ్జిగ తాగి పో.