వానకు నిలబడిపోయే కారు

మద్దిలేటి అని ఒకడుండె. వాళ్ళ నాయన సుంకన్న బతికున్నప్పుడు టౌన్లో యాడనో పాత అంబాసిడరు కారు కొనుక్కొచ్చినాడంట. కొన్నోడు కొన్నట్టు పెట్టుకోవచ్చు గదా, ఊహూఁ. ఎనక డిక్కీ కోసేసి, ఎదురుబదురుగా రెండు బల్లలు ఏయించి, కింద లారీ పట్టీలు బిగించి ఎత్తు లేపి, ఇంజను వేడెక్కుతాందని బానెట్టుకు బొక్కలు కొట్టించినాడంట. చూస్తే ముందర కారు, ఎనక బండి, నడుమ ఏందో ఆ దేవునికే తెలియాల. నవ్వొద్దండప్పా, మా ఊరు తుమ్మలవంకలో అప్పుడు బండి అనేది అదొక్కటే. పెండ్లికి అదే, సంతకు అదే, పాము కరిసినోన్ని ఆస్పత్రికి మోసుకపోయేదీ అదే. సుంకన్న పోయినాక కొడుకు మద్దిలేటి తోల్తా ఉండె. అంతా బాగానే ఉంది గానీ దానికొక రోగముండె. ఏమైందంటే, ఎండలో ఎంత దూరమన్నా పోతాది, వాన పడిందా, రెండు దగ్గులు దగ్గి యాడుంటే ఆడ నిలబడిపోతాది. తోస్తే కదలదు, తిడితే కదలదు. ఎండొచ్చేదాకా దాని పక్కన మనం గూడా కూర్చోవాల్సిందే.

మద్దిలేటి పెండ్లాము పేరు సరోజ. ఆ యమ్మకు మొదటి కాన్పు కడుపు కోసి తీసినారు. ఇప్పుడు మళ్ళా నీళ్ళోసుకునింది. డాక్టరమ్మ ముందే చెప్పి పంపిచ్చిందంట, ఇంట్లో మంత్రసానితో కానిద్దామనుకోవద్దు, నొప్పులు మొదలైనాయంటే నేరుగా ఈడికే రావాల, లేకుంటే తల్లీ దక్కదు బిడ్డా దక్కదు అని. పుట్టింటికి పోదామంటే అమ్మ లేకపాయె. టౌన్లో పోయి ముందుగానే ఉందామంటే ఆడ ఎవురుండారు? నెలలు నిండేదేమో సరిగ్గా వానల్లో. ఇంగ చూస్కో, సరోజకు మబ్బు పట్టినప్పుడల్లా దిగులు పట్టుకునేది. వాకిట్లో ఆ కారును చూసి, ఒరే నాయనా, నన్ను టౌను దోవలో వంకలో పెట్టి చంపుతావా ఏంది అని లోపల్లోపలే అనుకునేదంట. మొగునితో అంటే, "చేపిస్తా లేమే, చాంద్ బాషా ఉండాడు గదా" అనేవాడు.

చాంద్ బాషా అంటే టౌన్లో మెకానిక్కు. మంచోడు, పనోడు. మొదట ఆయనేమన్నాడు, బానెట్టుకు ఇన్ని బొక్కలుంటే వాన లోపలికి రాక యాడికి పోతాది అన్నాడు. రేకు కొట్టి మూసినాడు. వానొచ్చింది, నిలబడింది. ప్లగ్గులు మార్చినాడు. వానొచ్చింది, నిలబడింది. వైర్లు మార్చినాడు, కాయిలు మార్చినాడు, సైకిలు ట్యూబు కోసి చిన్నపిల్లోనికి కుల్లాయి తొడిగినట్టు సందు సందుకూ తొడిగినాడు. వానొచ్చింది, మళ్ళా నిలబడింది. చిత్రమేందంటే, ఆయన షెడ్డులో నుంచి వచ్చిన కొత్తల్లో వాన పడినా బాగానే నడిచేది. హమ్మయ్య, కుదిరింది అనుకునేవాళ్ళు. మళ్ళా కొన్నాళ్ళకు మామూలే. ఆఖరికి చాంద్ బాషా చేతులు తుడుచుకోని, "మద్దిలేటీ, నీ బండికి నా చేతిలో ఉండే మందులన్నీ అయిపోయినాయి" అన్నాడంట.

ఇంగ ఇంట్లో ముసల్ది, ఉరుకుందమ్మ, సుంకన్న పెండ్లాము. ఆమె మందు ఆమెది. సుంకన్న బతికున్నప్పుడు ఒకసారి బానెట్టు లేపి, లోపల ప్లగ్గులన్నిటికీ కరెంటు పంచే నల్ల మూత చూపిచ్చి, "ఇదేమే బండికి గుండెకాయ" అని చెప్పినాడంట. ఆ మాట ముసల్దాని మనసులో అట్లే నిలిచిపోయింది. అందురూ బండికి ముందర బొట్టు పెడ్తారు, నిమ్మకాయ కడ్తారు. ఉరుకుందమ్మ అట్ల గాదు. శుక్రారం వచ్చిందంటే తలకు పోసుకోని, బానెట్టు లేపిచ్చి, ఆ నల్ల మూతకు పసుపు పూసి, కుంకం అద్ది, ఈబూది మూడు గీతలు గీసి దండం పెట్టేది. మొగుడు పోయిన్నాడే తన నుదుటి మీది బొట్టు తీసేసినారు గదా, మళ్ళా పెట్టుకోలే. కారుకు మాత్రం ఒక్క శుక్రారం తప్పియ్యలే. బండి వానలో నిలబడిందని తెలిసిందా, ఇంగొంచెం ఎక్కువ పూసేది. మళ్ళా నిలబడిందా, ఇంగొంచెం. మూత నలుపు ఏమాత్రం కనపడేది గాదనుకో, గడపకు పూసినట్టు పచ్చగా ఉండేది.

ఒక తూరి ఏమైందంటే, ఉరుకుందమ్మ కూతురింటికి పోయింది. పోయేటప్పుడు బండి అప్పుడే షెడ్డు నుంచి వచ్చింటే, అది బాగుండాలని దోవలో ఈరన్నసామికి మొక్కుకుంటానని చెప్పి పోయింది. పోయింది పోయినట్టే ఉండిపోయింది, పైరు పనులు గదా. ఆ దినాల్లోనే వానలు పట్టుకున్నాయి. అప్పుడు జూడు, కారు నిలబడితే ఒట్టు! వంకలో నీళ్ళు చిమ్ముకుంటా పోతాది, వస్తాది. మద్దిలేటి మురిసిపోయినాడు. మా యమ్మ మొక్కు పనిజేసింది అన్నాడు. సరోజ వాకిట్లో బియ్యం చెరుగుతా ఆలోచన చేస్తాంది. అత్త ఉంటే నిలబడేది, అత్త లేకుంటే పోయేది. షెడ్డులో మూత తీయాలంటే బాషా పూతంతా తుడుస్తాడు, తుడిసిన కొత్తల్లో పోయేది. మళ్ళా శుక్రారాలు వచ్చేకొద్దీ నిలబడేది. మొక్కు గాదు, పూత అని ఆమెకు తోచింది. తోస్తే మాత్రం? అత్తకు చెప్పేదెట్లా?

ముసల్ది తిరిగొచ్చింది. బండి బాగుందని ఇని, సామి చూసినాడని కండ్ల నీళ్ళు పెట్టుకునింది. శుక్రారం దాకా గూడా ఆగలే, గిన్నె నిండా పసుపు కలుపుకోని బయల్దేరింది. సరోజ నిదానంగా, "అత్తా, లోపల వద్దులే, ఈసారి బయట పెట్టు" అనింది. అంతే! "ఏమ్మే, మీ మామ చూపిచ్చిన చోటు అది. నా చేత్తో పెడితే నీకు కంటగింపా? బొట్టు లేనిది బొట్టు పెడ్తాందని అంటాండావా?" అని ముసల్ది గిన్నె తీస్కోని పోయి ఆ మూతకే పూసింది. సరోజ లోపలికి పోయింది. మొగునితో అంటే, "అమ్మకు నేను చెప్పలేనే" అన్నాడు. వాడు వాళ్ళమ్మకు ఎదురు చెప్పిందే లేదులే, పుట్టినప్పుడు ఏడిసింటే అది తప్ప.

ఇంగేముంది, నాలుగు దినాలకే నొప్పులొచ్చినాయి. సాయంత్రం, మబ్బు కమ్ముకోని ఊరంతా మసక. జల్లు మొదలైంది. పెద్దబిడ్డను పక్కింట్లో ఇడిసిపెట్టి, సరోజను ముందర కూర్చోబెట్టి, ముసల్ది ఎనక బల్ల మీద గొంగడి పట్టుకోని కూర్చుంటే, మద్దిలేటి సామీ సామీ అనుకుంటా తోలినాడు. ఊరు దాటినారు, చెరుకు తోటలు దాటినారు. వంక దిగి గడ్డకెక్కినారో లేదో, దగ్గింది. ఇంకొక దగ్గు. నిలబడింది. అటు ఊరు దూరం, ఇటు టౌను దూరం. నరమానవుడు లేడు. మద్దిలేటి దిగి బానెట్టు లేపినాడు. ముసల్ది దిగొచ్చి వాన పడకుండా గొంగడి పట్టింది. సరోజ కూర్చోలేక తలుపు పట్టుకోని దిగి, వాళ్ళ పక్కన నిలబడింది. "నువ్వు పోయి తాళం తిప్పు" అని మొగున్ని పంపిచ్చింది. వాడు తిప్పినాడు. ఆ మసక ఎలుతుర్లో, గొంగడి కింద, సరోజకు కనపడింది. నల్ల మూత మీద ఈబూది గీతల ఎంబడి సన్నగా నీలం నిప్పు పాకుతాంది. పైనుంచి పక్కకు, పక్కనుంచి కిందికి. ప్లగ్గులకు పోవాల్సిన కరెంటంతా తడిసిన పూత పట్టుకోని దిగిపోతాంది.

ముసల్దేమో నడుముకున్న తిత్తిలో నుంచి కుంకం తీస్తాంది, ఇంకొంచెం పెడదామని. సరోజ ఆ చెయ్యి గట్టిగా పట్టుకునింది.

"అత్తా, పెట్టొద్దు. ఉన్నది తుడ్సు."

"ఏందీ? బొట్టు తుడ్సాల్నా? నా కొడుకు లోపల కూర్చోనుండే బండికి? నా బొట్టు నలుగురు కూడి తుడ్సినారే, ఆ చెయ్యి నుదుటికి తగిలింది నాకింకా తెలుస్తాంది. ఆ పని ఇప్పుడు నేను చేయాల్నా?"

"నీకు చేతగాకుంటే జరుగు, నేను తుడుస్తా. నాకు బతకాలని ఉంది అత్తా" అని సరోజ ఏడ్సింది. ఏడుస్తానే మొగునికి తాళం తీసేయమని అరిసి, పైట కొంగు పట్టుకోని వంగబోయింది. ఇంతలో నొప్పొచ్చి వంగిన మనిషి వంగినట్టే రేకు పట్టుకోని ఉండిపోయింది. ముసల్ది కోడల్ని చూసింది. మూతను చూసింది. కోడలి చెయ్యి పట్టుకోని ఎనక్కి లాగింది. "నువ్వు వద్దు. ముత్తైదువ్వి, నీ చెయ్యి వద్దు. నాకైతే ఇంగ పోయేదేముంది" అనింది. గొంగడి దిగొచ్చిన కొడుకు చేతిలో పెట్టి, తన కొంగుతో తుడ్సింది. సందుల్లో గోరు పెట్టి తీసింది. పొడి గుడ్డతో మళ్ళా ఒకసారి రుద్దింది. "ఊఁ, తిప్పురా" అనింది. మద్దిలేటి గొంగడి ఇచ్చేసి ఎక్కి తాళం తిప్పినాడు. ఒక దగ్గు దగ్గి, అందుకునింది. ఇంగ ఆస్పత్రి వాకిలి దాకా ఆగలే. వాన ఆగలే, కారూ ఆగలే. సరోజకు ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా బాగుండారు.

ఊర్లో అందురూ అడుగుతారు గదా, ఏమ్మా సరోజా, కారుకేమైండె, ఎట్ల కుదిరింది అని. ఆ యమ్మ అత్త ముఖం చూసి, చాంద్ బాషా ఏందో వైరు మార్చినాడులే అని చెప్పేదంట. మద్దిలేటి గూడా అదే చెప్పేవాడు. చాంద్ బాషాను అడిగితే నవ్వి ఊరుకునేవాడు, ఆయనకు ముందే తెలుసో తెలీదో మరి. అట్ల ముగ్గురూ దాచిపెట్టినారు, ముసల్దాని మనసు నొస్తాదని. మరి ఈ కత నాదాకా ఎట్లొచ్చింది అంటారా? ఇంకెవురు చెప్తారప్పా, ఉరుకుందమ్మే! బిడ్డకు నీళ్ళు పోసేకాడ, బోరింగు కాడ, మా ఇంటి అరుగు మీద, మనిషి కనపడితే చాలు పట్టుకోని చెప్పేది. "అంతమంది అన్ని మార్చినారు గదమ్మా, ఆఖరికి బండి కదిలింది ఎవురి చేత్తో? నా చేత్తో గాదా!" అనేది. ఆ పూసిందెవరి చేత్తో అని నేను అడగలే. మీరూ అడగొద్దండి, అదే చెయ్యి తుడ్సబట్టి దక్కిన మనవరాలు ఇంట్లో నిద్రపోతాంది.