కుంకుమ కారిన కంకర దారి

"అంకుల్, హ్యాండిల్‌కి ఈ ఎర్ర మరకలేంది? రక్తమా?"

రక్తం కాదు తల్లీ, కుంకుమ. ఫ్రాన్సులో ఒక పెద్దావిడకి కూడా ఇదే అనుమానమొచ్చింది. నువ్వు నెమ్మదిగా అడిగావు, ఆవిడ కేకపెట్టింది, అంతే తేడా. కూర్చో, ఆ కుర్చీ లాక్కో. గరాజ్‌లో ఉక్కగా ఉందా? అరిజోనా ఎడారిలో చాండ్లర్ కదా, ఆగస్టులో పెనంలా కాలుతుంది. ఫ్యాన్ వేస్తానుండు. సైకిల్ ఎక్కడికీ పోదు, నీకే ఇస్తాను. ఊరికే ఇస్తానని గుడి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాక మాట తప్పితే శనివారం పారాయణానికి ఒక్కడూ రాడు. కానీ పెళ్ళిచూపుల్లో కూడా గోత్రం అడుగుతారా లేదా? దీని గోత్రం కూడా విని తీసుకెళ్ళు.

దీన్ని గ్రావెల్ బైక్ అంటారు. లావు టైర్లు చూశావా, కంకర మీద, మట్టి మీద తొక్కడానికి. మా నాన్న తెనాలి పక్కన మా ఊరికి తారు రోడ్డు వెయ్యమని అర్జీలు పెట్టీ పెట్టీ పోయాడు. ఆయన కొడుకేమో సైకిల్‌ని పెట్టెలో కట్టి, విమానమెక్కించి, కంకర ఎక్కడుందా అని ఫ్రాన్సంతా వెతికాడు. పైనుంచి చూసి ఆయన ఏమనుకున్నాడో! మా చిన్నప్పుడు అద్దె సైకిలు గంటకి పావలా. పావలా కాదులే, అది రంగులేసిన కొత్త సైకిలుకి. మాకిచ్చేది పదిహేను పైసలది, బ్రేకులుండేవి కావు. చెప్పులే బ్రేకులు.

ఏం చెబుతున్నాను? ఆఁ, మీ ఆంటీ షరతు. పోయినేడాది ఇక్కడే కాలవ గట్టు మీద పడ్డాను. ఇంటికొచ్చి గరాజ్ తలుపు తగిలిందని చెప్పాను. చెత్తడబ్బాలో చిరిగిన నిక్కరు దొరికింది. దాంతో నా పరువు సగం పోయింది. ఫ్రాన్సు ప్రయాణం అనగానే ఆవిడ తీర్పు చెప్పింది. "అయిదు రోజులు హాయిగా తొక్కండి. మధ్యలో ఒక్కసారి నాలుగు చక్రాల బండెక్కినా ఇక మీ వల్ల కాదనే లెక్క. వచ్చాక ఆ సైకిలు గరాజ్‌లో ఉండదు." నేను దేవుడి సాక్షిగా ఒప్పుకున్నాను. మీ ఆంటీకి దేవుడి మీద అంత నమ్మకం లేదు, ఫోన్‌ని సాక్షి పెట్టుకుంది. నేనెక్కడుంటే అక్కడ ఆవిడ ఫోన్‌లో ఒక నీలం చుక్క.

వెళ్ళింది నేనూ, నాతో సైకిలు తొక్కే స్నేహితుడు మూర్తీ. మూర్తి నాకంటే అయిదేళ్ళు చిన్న, నోరు మాత్రం పదేళ్ళు పెద్ద. ఆ దేశం నైరుతి మూల, ఎంత మెత్తటి నేలనుకున్నావు! గుట్టలున్నాయి గానీ గట్టివి కావు, పీట మీద ఆరబెట్టిన అప్పడాల పిండి ముద్దల్లాగా. తెల్ల కంకర దారి, అటూ ఇటూ పొద్దుతిరుగుడు చేలు. ప్రతి నాలుగు దార్ల కూడలిలోనూ ఒక రాతి సిలువ. నేను దిగి దణ్ణం పెట్టడం, మూర్తి విసుక్కోవడం. "ఏరా, ఆయన మన డిపార్ట్‌మెంట్ కాదురా!" అంటాడు. పరాయి ఊళ్ళో దారి తప్పకుండా ఉండాలంటే లోకల్ ఆఫీసరుకి నమస్కారం పెట్టాలా వద్దా, నువ్వే చెప్పు.

నా పూజ నాది. మొదటిరోజు బస యజమానురాలిని రెండు నిమ్మకాయలడిగాను. టీలోకనుకుని కోసి, పళ్ళెంలో పెట్టి తెచ్చింది. అవే చక్రాల కింద పెట్టి తొక్కించాను. అప్పట్నుంచీ మేం బయల్దేరితే ఆవిడ కిటికీలోంచే టాటా చెప్పింది. రోజూ పొద్దున్నే కుంకుమ తడిపి హ్యాండిల్‌కి, బ్రేకులకి బొట్లు. నాలుగోరోజు శుక్రవారం, అమ్మవారి రోజు కదా, అరచేత్తో పులిమాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టి జపం మొదలుపెట్టాను. తొక్కుతూ నామం చేస్తే మోకాలి నొప్పి తెలీదమ్మా, ప్రయత్నించు.

మధ్యాన్నం వాన పట్టుకుంది. మూర్తి ముందెక్కడో ఉన్నాడు. ఆ వానకి కుంకుమ కరిగి చేతుల మీదుగా మోచేతులకి, అక్కణ్ణుంచి జెర్సీ మీదికి. పైగా తెల్ల జెర్సీ. కళ్ళలో నీళ్ళు పడుతుంటే చేత్తో తుడుచుకున్నాను, దాంతో మొహమంతా అయింది. నాకేం తెలుసు? నేను సహస్రనామంలో నాలుగో వందలో ఉన్నాను. ఒక రైతు ఇంటి ముందు ఆగి, గేటు దగ్గరున్న పెద్దావిడకి నవ్వుతూ నమస్కారం పెట్టాను.

ఆవిడ చిక్కుడుకాయల బుట్ట కింద పడేసి కెవ్వున అరిచింది. లోపల్నుంచి కూతురొచ్చింది, దున్నపోతుని ఎత్తగల మనిషి. నాకు వాళ్ళ భాష రాదు, వాళ్ళకి నాది రాదు. ఏం కాలేదని చేతులు ఊపాను. ఊపిన కొద్దీ ఎర్రనీళ్ళు వాళ్ళ మీద చిందాయి. ఇంకేముంది, తలకి తువ్వాలు చుట్టి, ఎత్తి వ్యాన్‌లో కూలేశారు. "బండి వద్దు తల్లీ, బండి వద్దు, నా సైకిల్ పోతుంది!" అని తెలుగులో మొత్తుకున్నాను. తలకి దెబ్బ తగిలి కలవరిస్తున్నాడనుకుని ఆ కూతురు ఇంకా గట్టిగా తొక్కింది యాక్సిలరేటరు.

ఆస్పత్రిలో డాక్టరుకి ఇంగ్లీషొచ్చు. దూది పెట్టి తుడుస్తాడు, గాయం లేదు. ఇంకోచోట తుడుస్తాడు, అక్కడా లేదు. "ఇది ఎక్కడ్నుంచి వస్తోంది?" అన్నాడు. "ఇండియన్ స్టోర్ నుంచి" అన్నాను. ఆ తర్వాత నర్సులు కూడా వచ్చి చూశారనుకో. నాకూ జనాన్ని చూస్తే ఆగదుగా, బొట్టు మాహాత్మ్యం మొత్తం చెప్పాను. ఇద్దరికి పెట్టాను కూడా.

అప్పుడు తీశాను ఫోను. పదకొండు మిస్డ్ కాల్స్.

ఇక్కడ పొద్దున్న ఆరు. మీ ఆంటీ కాఫీ పెట్టుకుంటూ చూసింది. చుక్క ఒకచోట ఆగింది. తర్వాత ఉరికింది, సైకిల్ ఉరకలేనంత. వెళ్ళి ఆస్పత్రి గుర్తు మీద ఆగింది. ఫోన్ చేస్తే నేనెత్తను. నలభై నిమిషాలు.

చేశాను. "ఉన్నారా?" అంది. ఉన్నానన్నాను. "ఏమైంది?" "ఏం కాలేదే, కుంకుమ." "సరే" అని పెట్టేసింది.

సైకిలు ఆ రైతు కూతురే తెచ్చిచ్చింది. అయిదోరోజు కూడా తొక్కానులే, మూర్తి దారంతా అంబులెన్సు కూత కూస్తూనే ఉన్నాడు. విమానంలో వాదన తయారుచేసుకున్నాను. ఎక్కలేదు, ఎక్కించారు. రెండిటికీ చాలా తేడా ఉందని. ఇంటికొచ్చి స్నానం చేసి ముందు పూజగదిలోకి వెళ్ళాను. మీ ఆంటీ అందులోకి దుమ్ము దులపడానికి కూడా రాదు, నలభై నాలుగేళ్ళ కాపురంలో. కుందిలో సగం కాలిన వత్తి ఉంది. వంటింటి ఆలివ్ ఆయిల్ పోసి ఉంది. పక్కన కాలీ కాలని అగ్గిపుల్లలు, ఏడో ఎనిమిదో.

అయినా నోరూరుకోదుగా, వాదన మొదలుపెట్టాను. "నాకేం కాలేదుగా!" అన్నాను. ఆవిడ కూరలు తరుగుతూ తలెత్తకుండా అంది. "మీకేం కాలేదు. ఆ నలభై నిమిషాల్లో అయిందంతా నాకే."

వెళ్ళి సైకిలుకి గుడ్డ కప్పేశానమ్మా.

అదీ సంగతి. పద్దెనిమిది రోజులు ఆగి, గ్రూపులో మెసేజ్ పెట్టాను. కారు లేదు, క్యాంపస్‌కి బస్సు లేదు అని రాశావు చూడు, నీకే ఇద్దామంది ఆవిడే. కాలవ గట్టు పట్టుకుపో, కార్లు రావు. సీటు కొంచెం దించుతాను. గాలి వారానికోసారి చూసుకో. ఇదిగో నిమ్మకాయలు, ఒకటి ముందు, ఒకటి వెనక. కుంకుమ హ్యాండిల్‌కి వద్దులే, కింద ఈ కడ్డీకి చిన్న బొట్టు చాలు.

అదిగో, లోపల్నుంచి మీ ఆంటీ పిలుస్తోంది. నీ ఫోన్ ఇవ్వాలట. మీ అమ్మ జగిత్యాల్లో ఉంది, అంత దూరం నుంచి ఆవిడేం చూస్తుంది, నీ చుక్క ఈవిడ ఫోన్‌లో పెట్టుకుంటుందట. ఇచ్చెయ్, తప్పించుకోలేవు. సైలెంట్‌లో మాత్రం పెట్టకు, నామం చేసినా సరే.

ఊఁ, ఎక్కు. కుడికాలు ముందు. పగిలేది నిమ్మకాయే కావాలి తల్లీ, నీ మోకాలు కాదు. చల్లగా వెళ్ళు... మెల్లగా, మెల్లగా... ఆఁ, అట్లా...